వలందపాలెం నుంచి డెల్ఫ్ట్ దాకా: బ్లావ్ నగర పటాలపై ఒక కొనుగోలుదారు సమీక్ష

మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఉంది. వలందులంటే హాలండువారు, అంటే డచ్చివారు. బందరులోని వారి పాత శ్మశానంలో కుటుంబ చిహ్నాలు చెక్కిన 17వ శతాబ్దపు సమాధి రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊళ్లో పుట్టి, ఉద్యోగరీత్యా హేగ్ నగరంలో స్థిరపడిన నేను నాలుగేళ్లుగా పాత డచ్చి నగర పటాలను కొంటున్నాను. ఇప్పటికి నా దగ్గర ఐదు ఉన్నాయి. కొన్నవాటిలో ఒకదాన్ని తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. ఈ సమీక్ష ఆ పటాల గురించి, వాటిని అమ్మిన దుకాణాల గురించి, అన్నిటికన్నా ముఖ్యంగా వాటి మీది రంగు కోసం మన చేత చెల్లింపజేసే ధర గురించి.

డచ్చి నగర పటాలు లెక్కకు మించి దొరుకుతాయి కనుక, కొనడానికి ముందే నాకు నేను ఒక హద్దు గీసుకున్నాను. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలు ఉండేవి: ఆమ్‌స్టర్‌డామ్, మిడెల్‌బర్గ్, డెల్ఫ్ట్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హౌజెన్. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టల మూటలు ఓడలెక్కి చివరికి చేరింది ఈ నగరాల గిడ్డంగులకే. 1605లో మచిలీపట్నం రేవుకు వచ్చిన తొలి డచ్చి ఓడ పేరు కూడా డెల్ఫ్టే. అందువల్ల ఈ ఆరు నగరాలు చాలు, అవి కూడా ఒకే ప్రచురణకర్త పుస్తకంలోనివే కావాలి అని నిశ్చయించుకున్నాను. ఆ ప్రచురణకర్త యోవాన్ బ్లావ్.

బ్లావ్‌ను ఎంచుకోవడానికి కారణం చెప్పాలి. డచ్చి గణతంత్రానికి, స్పెయిన్‌కు మధ్య ఎనభై ఏళ్లు సాగిన యుద్ధం 1648లో మ్యూన్‌స్టర్ సంధితో ముగిసింది. ఆ మరుసటి ఏడే బ్లావ్ రెండు సంపుటాల్లో, రెండు వందలకు పైగా రాగి రేకుల ముద్రలతో, దేశంలోని నగరాలన్నిటినీ చూపించే పుస్తకాన్ని తెచ్చాడు: ఉత్తరాన స్వతంత్రమైన ప్రాంతానికి ఒక సంపుటం, దక్షిణాన స్పెయిన్ ఏలుబడిలో మిగిలిన ప్రాంతానికి మరొకటి. పుస్తకం పేరుకు అర్థం నగరాల రంగస్థలం అని. ప్రతి పటాన్నీ ఆయన స్వయంగా కొలిపించలేదు. అప్పటికే ఉన్న మంచి పటాలను సేకరించి, సరిదిద్దించి, ఒకే కొలతకు, ఒకే తీరుకు తెచ్చాడు. ఆ ఏకరూపతే సేకరించేవారికి పెద్ద ఆకర్షణ, ఎందుకంటే ఐదు పటాలను పక్కపక్కన గోడకు తగిలిస్తే ఒకే చేతి రాతలా కనిపిస్తాయి. పైగా ఆయన తండ్రి విల్లెం బ్లావ్, తండ్రి మరణించిన 1638 నుంచి ఆయన, డచ్చి కంపెనీకి అధికారిక పట నిర్మాతలు. మన తీరానికి వచ్చే నావికుల చేతికి సముద్ర పటాలు ఇచ్చిన ఇల్లే ఈ నగర పటాలను కూడా అచ్చు వేసిందన్నమాట. 1672 ఫిబ్రవరిలో ఆయన ముద్రణాలయం అగ్నిప్రమాదానికి లోనైంది, మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు. మిగిలిన రాగి రేకులు వేలంలో చేతులు మారాయి.

నా ఐదింటిలో డెల్ఫ్ట్ పటం ముందు వరుసలో నిలుస్తుంది. ముద్రిత భాగం సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నడుమ పుస్తకపు మడత. పై నుంచి చూస్తున్నట్టు వీధులు, కాలువలు నేల మీద పరచినట్టు ఉంటాయి, ఇళ్లు మాత్రం పక్క నుంచి చూసినట్టు లేచి నిలబడి ఉంటాయి. కచ్చితమైన కొలతను, కంటికి నచ్చే బొమ్మను ఒకే కాగితం మీద కలపడానికి ఆ కాలం వారు కనుగొన్న ఉపాయం ఇది. సంతవీధికి ఒక కొసన కొత్త చర్చి, ఎదురుగా నగర సభా భవనం, పడమటి కాలువ గట్టున పాత చర్చి, పెరళ్లలో వరుసగా నాటిన చెట్లు, ప్రాకారం చుట్టూ నీటి కందకం, దాని మీద కాపలా ద్వారాలు, ప్రాకారం దాటగానే మొదలయ్యే పొలాల గట్లు, అన్నీ ఒక్కొక్క గీతతో తేలుతాయి. ఒకరోజు దీని ఫొటో ప్రతిని జేబులో పెట్టుకుని హేగ్ నుంచి రైలెక్కి డెల్ఫ్ట్ వెళ్లి, పటం చూసుకుంటూ ఊరంతా నడిచాను. పాత కాలువ గట్టున ఎక్కడా దారి తప్పలేదు. ద్వారాల్లో మాత్రం తూర్పు ద్వారం ఒక్కటే మిగిలి ఉంది. దక్షిణపు రేవు దగ్గరి రెండు ద్వారాలు చూడాలంటే హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో వెర్మేర్ వేసిన డెల్ఫ్ట్ దృశ్యం ముందు నిలబడాలి.

ఈశాన్య మూలన మాత్రం పటానికి, ఊరికి పొంతన కుదరదు. 1654 అక్టోబరు 12న అక్కడి మందుగుండు గిడ్డంగిలో నిలవ ఉన్న దాదాపు 90,000 పౌనుల తుపాకి మందు పేలి ఆ పేటను నేలమట్టం చేసింది. చిత్రకారుడు కారెల్ ఫాబ్రిటియుస్ ఆ పేలుడులోనే చనిపోయాడు. ఆ తర్వాత అక్కడ ఇళ్లు కట్టకుండా గుర్రాల సంతకు ఖాళీగా వదిలేశారు. ఇప్పటికీ ఆ మైదానం పేరు గుర్రాల సంతే. పేలుడుకు ఐదేళ్ల ముందు అచ్చయిన నా పటంలో ఆ ఇళ్లు, ఆ పెరళ్లు, ఆ చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఈ కాగితానికి నేను ఇచ్చిన 950 యూరోల్లో సగం ఆ మూలకే ఇచ్చానని అనుకుంటాను.

ఇక రంగు సంగతి. ఈ పటాలు అచ్చయ్యేది నలుపులోనే. నున్నటి రాగి రేకు మీద పదునైన ఉక్కు ములుకుతో బొమ్మను తిరగేసి చెక్కి, గాట్లలో సిరా నింపి, రేకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితాన్ని దాని మీద పరచి బరువైన రోలర్ల మధ్య నొక్కుతారు. అందుకే అసలు ముద్రకు నాలుగు వైపులా రేకు అంచు దిగిన గుంట చేతివేలికి తగులుతుంది. రంగు ఆ తర్వాతి పని, వేరే పనివాళ్ల పని. పుస్తకాన్ని కొనేవారు రంగు లేకుండా తక్కువ ధరకు తీసుకోవచ్చు, అదనంగా చెల్లించి రంగు వేయించుకోవచ్చు. తుమ్మబంకలో కలిపిన పలుచని రంగులను కుంచెతో గీతల మీద పరుస్తారు: ఇంటి పైకప్పులకు ఎరుపు, నీటికి నీలం, తోటలకు పచ్చ. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ యాన్స్ వాన్ సాంటెన్ అనే రంగులవాడికి ఎంత పేరుండేదంటే, సంపన్నులు తమ పటాల పుస్తకాలను ఆయన చేతే బంగారంతో సహా రంగు వేయించుకునేవారు. కాబట్టి రంగు లేని బ్లావ్ పటం అసంపూర్ణమైనదేమీ కాదు. అది కూడా ఆ కాలంలో అమ్మిన సరుకే. దురదృష్టవశాత్తు నేటి గోడలకు రంగు కావాలి, అందువల్ల నలుపు తెలుపులో మూడు వందల ఏళ్లు హాయిగా బతికిన పటాలకు గత నూరేళ్లలో కొత్తగా రంగులు పడ్డాయి. పాత రంగుకు, కొత్త రంగుకు మధ్య ధరలో తేడా పెద్దది. ఆ తేడాను దాచిపెట్టే అమ్మకందారులే ఈ సరదాలో అసలు ఇబ్బంది.

నాలాంటి మామూలు కొనుగోలుదారుకు సాయపడే సాక్ష్యం పచ్చ రంగు. 17వ శతాబ్దంలో పటాల మీద వాడిన పచ్చ ఎక్కువగా రాగి చిలుముతో చేసింది. అది కాలక్రమంలో కాగితాన్ని తింటుంది. షీటును తిప్పి వెనుక వైపు చూస్తే, ముందు వైపు పచ్చ ఉన్న చోటల్లా గోధుమ రంగు మచ్చ దిగి ఉంటుంది. పచ్చ దట్టంగా పడిన చోట కాగితం పెళుసెక్కి పగులుతుంది కూడా. వెనుక వైపు తెల్లగా మిగిలి, ముందు మాత్రం పచ్చ లేత గడ్డిలా మెరుస్తుంటే ఆ రంగు ఇటీవలిదని అనుమానించాలి. దీన్ని ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే పాత పనివాళ్లు నీలం మీద పసుపు వేసి కూడా పచ్చ తెచ్చేవారు, దానికి ఈ మచ్చ రాదు. బందరు అద్దకంలో పచ్చ తెచ్చిన తీరు కూడా ఇదే: నీలిమందు మీద పసుపు. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో డచ్చి ఆడవారు ధరించిన పాత కోరమాండల్ అద్దకాలు ఉన్నాయి. అలాంటి పాత బట్టల్లో పసుపు వెలిసిపోయి ఆకులు నీలంగా మిగిలిపోవడం పరిపాటి. పటం మీది పచ్చ గోధుమకు తిరిగింది, బట్ట మీది పచ్చ నీలానికి తిరిగింది. మన బందరువాళ్ల చేతి పచ్చే కాస్త మర్యాదగా ముసలిదైందని నా పక్షపాతం.

నేను మోసపోయింది ఆమ్‌స్టర్‌డామ్ పటంతో. దుకాణం పేరు చెప్పను. అది ఆమ్‌స్టర్‌డామ్‌లోనిది కూడా కాదు. ఇంటర్నెట్‌లో చూసి, ఫొటోలు తెప్పించుకుని, ‘ఆ కాలపు అసలు రంగు’ అని వివరణలో రాసి ఉండగా నమ్మి, 1,600 యూరోలు చెల్లించి తెప్పించుకున్నాను. పటం అసలైనదే, అందులో సందేహం లేదు. గుంట ఉంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గుడ్డపేలికల కాగితంలో ఉండే, దాన్ని తయారుచేసిన జల్లెడ తీగల వరసలు కనిపించాయి, వెనుక పుస్తకపు లాటిన్ పాఠం అచ్చై ఉంది. అయితే కుడివైపు అంచు దగ్గర పాత చిరుగును వెనుక నుంచి పలుచని కాగితంతో అతికించిన చోట, ముందు వైపు నీలం రంగు చిరుగు మీదుగా సాఫీగా సాగిపోయి, గీతలో ఇంకి, వెనుక అతుకు కాగితం మీద కూడా మరక వేసింది. అతుకు వేసిన తర్వాత రంగు పడిందనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. ఇంకా విచిత్రం, నగర చిహ్నం. ఎర్రటి డాలు మీద నల్లని నిలువు పట్టీ, దాని మీద మూడు తెల్లని వాలు శిలువలు ఆమ్‌స్టర్‌డామ్ గుర్తు. ఆ నగరంలో చెత్తకుండీల మీద కూడా కనిపించే గుర్తు. రంగు వేసిన మహానుభావుడు శిలువలకు పసుపు పూశాడు. బ్లావ్ కాలపు రంగులవాడు డబ్బిచ్చే నగరపు చిహ్నాన్ని అలా పాడుచేస్తాడని నేను నమ్మలేకపోయాను.

అమ్మినవారికి రాశాను. మొదట జవాబు రాలేదు. రెండో ఉత్తరానికి, ‘పాత రంగు, తర్వాతి మెరుగులతో’ అని మాట మార్చారు. మూడో ఉత్తరంలో అతుకు ఫొటోలు జతచేశాక డబ్బు వెనక్కి ఇచ్చారు, రవాణా ఖర్చు మాత్రం నా మీదే పడింది. ఈ తతంగానికి ఏడు వారాలు పట్టింది. దూరం నుంచి కొనేవారు వెనుక వైపు ఫొటో లేకుండా ఎన్నడూ డబ్బు పంపకూడదని నాకు అక్కడే తెలిసివచ్చింది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన అనుభవం ఆమ్‌స్టర్‌డామ్‌లోని మరో దుకాణంలో కలిగింది. పాత వస్తువుల దుకాణాలు బారులు తీరిన స్పీగెల్ పేటలో, కాలువ పక్కన, బయటికి చిన్నదిగా కనిపించే గది అది. తిడతానో పొగుడుతానో అన్న దానితో పని లేకుండా దుకాణాల పేర్లు రాయకూడదన్నది నా నియమం కనుక దాని పేరూ రాయను. అక్కడ నేను అడగకుండానే పటాన్ని ఫ్రేములోంచి తీసి, బల్ల మీద బోర్లా వేసి, కింద దీపం పెట్టి చూపించారు. డెల్ఫ్ట్ పటం వెనుక గోధుమ మచ్చలు చూపించి, ఒకచోట పచ్చ వల్ల కాగితం వేలి గోరంత మేర పగిలిందని, దాన్ని జపాను కాగితంతో, గోధుమ పిండి జిగురుతో బాగుచేయించామని వారే చెప్పారు. చిహ్నపు డాలు మీది రంగును తర్వాత ఎవరో మళ్లీ దిద్దినట్టుందని కూడా వారే అన్నారు. రసీదు మీద ప్రచురణకర్త పేరు, ఏడాది, వెనుక పాఠం ఏ భాషలో ఉందో, రంగు ఏ కాలపుదని తమ అభిప్రాయమో, ఏ మరమ్మతు జరిగిందో వరుసగా రాసి ఇచ్చారు. బేరమాడితే యాభై యూరోలకు మించి తగ్గించలేదు. తగ్గించకపోయినా కొనేవాణ్ణే.

ఆమ్‌స్టర్‌డామ్ పటాన్ని కూడా చివరికి వారి దగ్గరే, ఈసారి రంగు లేనిదాన్ని, 1,250 యూరోలకు తీసుకున్నాను. ఇంటికి తెచ్చి గోడకు పెట్టాక నా అభిప్రాయం స్థిరపడింది: నగరం పెద్దదైనకొద్దీ, గీతలు దట్టమైనకొద్దీ రంగు అడ్డమే. 1613లో మొదలైన విస్తరణతో పడమటి వైపు కాలువలు విల్లులా వంగి సగంలో ఆగిపోయిన తీరు, తూర్పు వైపు ఇంకా ఊరు పెరగవలసి ఉండడం నలుపు తెలుపులో ఒక్క చూపుకే తెలుస్తాయి. మొదటి షీటులో ఆ దృశ్యమంతా ఎర్ర కప్పుల వరదలో మునిగిపోయింది. చిన్న ఊళ్లకు మాత్రం రంగు అందం తెస్తుంది. ఎంక్‌హౌజెన్ పటంలో కిరీటాలు పెట్టుకున్న మూడు హెర్రింగ్ చేపల చిహ్నం పాత నీలం మీద తేలుతుంటే కళ్లు తిప్పుకోలేం. దానికి 380 యూరోలు, హోర్న్‌కు 350 ఇచ్చాను. ఈ రెండు ఊళ్ల పేర్లు కొనేవారిలో ఎక్కువమందికి పట్టవు కనుక ధర తక్కువ. నాణ్యత డెల్ఫ్ట్‌కు ఏమాత్రం తీసిపోదు. దక్షిణ అమెరికా కొసనున్న అగ్రానికి 1616లో పేరు ఇచ్చింది ఈ హోర్న్ ఊరేనని తెలిసినవారు కూడా దాని పటం కోసం పోటీపడటం లేదు. 600 యూరోల రోటర్‌డామ్ పటం మీద నాకు కాస్త అసంతృప్తి ఉంది. అది పటం తప్పు కాదు. 1940 మే 14న బాంబులు పడి ఆ త్రికోణపు పాత నగరం దాదాపు పూర్తిగా పోయింది కనుక, పటం చేతబట్టుకుని నడిచే వీలు అక్కడ లేదు.

కొత్తగా కొనేవారు మరో విషయం గమనించాలి. వేలంలో చేతులు మారిన బ్లావ్ రేకులను ఫ్రెడరిక్ డె విట్ అనే మరో ప్రచురణకర్త కొని, 17వ శతాబ్దం చివర్లో తన పేరుతో మళ్లీ అచ్చు వేశాడు. అవి కూడా అసలైన పాత ముద్రలే, మోసం కాదు. కానీ అరిగిన రేకు కనుక సన్న గీతలు పలచబడి ఉంటాయి, వెనుక సాధారణంగా పాఠం ఉండదు. బ్లావ్ ధరకు డె విట్ ముద్రను అంటగట్టే ప్రయత్నం నాకు రెండుసార్లు ఎదురైంది. ఇంకా పాతవి కావాలనుకునేవారికి కొలోన్‌లో 1572 నుంచి 1617 వరకు ఆరు సంపుటాలుగా వచ్చిన బ్రౌన్, హోగెన్‌బెర్గ్‌ల నగర పటాలు ఉన్నాయి. ముందు భాగంలో స్థానిక దుస్తులు ధరించిన మనుషుల బొమ్మలతో అవి బ్లావ్ కంటే ముచ్చటగా ఉంటాయి, వీధుల వివరానికి మాత్రం బ్లావే మేలు. కేవలం చూడటానికే అయితే ఏమీ కొననక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నౌకా మ్యూజియంలోని వాన్ లోన్ అట్లాసు, హేగ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న డె విట్ నగరాల అట్లాసు ఇంటర్నెట్‌లో ఉచితంగా, పైకప్పుల పెంకులు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా దొరుకుతాయి. నేను డెల్ఫ్ట్‌లో జేబులో పెట్టుకుని తిరిగింది కూడా అలాంటి ప్రతినే.

కొన్నాక ఖర్చు ఆగదు. అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు, ఆమ్లం లేని అట్ట, ఎండ పడని గోడ తప్పనిసరి. ఒక్కొక్క ఫ్రేముకు నాకు 150 యూరోల దాకా అయింది. బందరులో మా ఇంటి హాల్లో ఒకటి పెట్టమని మా అక్క అడిగింది. ఉప్పుగాలి, వానాకాలపు తేమ, పుస్తకాలను తినే పురుగులు, వీటి మధ్య రాగి పచ్చ ఉన్న కాగితాన్ని పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. ఆమెకు మంచి కాగితం మీద ముద్రించిన ప్రతిని పంపాను. దాన్ని చూసినవారెవరూ తేడా కనిపెట్టలేదని ఆమె విజయగర్వంతో చెప్పింది.

ఇంక మిడెల్‌బర్గ్ ఒక్కటే మిగిలింది. రెండు వారాల కిందట స్పీగెల్ పేటలోని ఆ దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది: రంగు లేని మిడెల్‌బర్గ్, వెనుక డచ్చి పాఠం, మడత అడుగున చిన్న చిరుగు, 420 యూరోలు. వెనుక భాగం ఫొటో పంపమన్నాను. రెండు పంపారు, ఒకటి మామూలు వెలుతురులో తీసింది, రెండోది కాగితం కింద దీపం పెట్టి తీసింది. శనివారం వెళ్లి చూస్తాను.